అయిదేళ్లు వాడిన రమ్మీ యాప్: ఆట బాగుంది, లేచే దారే బాగాలేదు

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, బెంగళూరులోని అద్దె ఇంట్లో కూర్చుని ఒక రమ్మీ యాప్‌ను ఫోనులోకి దించుకున్నాను. 2025 ఆగస్టులో డబ్బు బల్లలు, అంటే పందెంతో ఆడే ఆటలు, మూతపడేదాకా, మధ్యలో నాలుగు నెలలు తప్ప, దాదాపు ప్రతి వారమూ ఆడాను. యాప్ పేరు చెప్పను. ఈ కాలంలో మరో రెండు యాప్‌లు కూడా వాడి చూశాను. రంగులు వేరుగా ఉన్నాయి, పద్ధతి ఒక్కటే.

యాప్ బాగుందా అని అడిగేవారికి ముందు నా లెక్క చెప్పాలి. అయిదేళ్లలో నేను వేసిన డబ్బు 3,86,400 రూపాయలు. వెనక్కి తీసుకున్నది 2,41,750. పోయినది 1,44,650. మా ఊళ్లో రమ్మీలో, అంటే పదమూడు ముక్కలాటలో, నాకు మంచి చేయి ఉందని పేరు. ఆ పేరున్న మనిషి లెక్క ఇది. గెలిచిన రోజులు బాగా గుర్తుండటం వల్ల, ఖాతా వివరాలు దించుకుని కూడేవరకూ నేను లాభంలోనే ఉన్నాననుకున్నాను.

ఆట వరకూ చూస్తే పనితనానికి వంక పెట్టలేను. ముక్కలు పెద్దవిగా, స్పష్టంగా ఉంటాయి. ఇస్పేటూ కళావరూ చిన్న తెరమీద కలగలిసిపోవు. సర్దు అనే బొత్తాం నొక్కితే రంగుల వారీగా పేర్చి పెడుతుంది. ఒరిజినల్ (జోకరు లేకుండా ఒకే రంగులో వరస ముక్కలు) పడగానే దాని కింద పచ్చగీత వస్తుంది, తప్పు షో కొట్టే, అంటే ఆట పూర్తికాకుండానే అయిందని ముక్కలు చూపే, ప్రమాదం తగ్గుతుంది. రైల్లో సిగ్నల్ పోయినా మన వంతు కొంతసేపు ఆగుతుంది. అవతల ఆడేది మనుషులేనా అన్న అనుమానం మొదట్లో నాకూ ఉండేది. చాలా ఆటలు గమనించాక ఆ అనుమానం పోయింది. మనుషులు చేసే తప్పులే చేస్తారు, కోపంతో ఆడతారు, విసుగొస్తే మధ్యలో వదిలేస్తారు.

ఇక డబ్బు పోయే తీరు. ఒక ఆట చెబుతాను, మిగిలినవన్నీ అలాంటివే.

పాయింటుకు రెండు రూపాయల బల్ల (ఓడినవారు చేతిలో మిగిలిన ముక్కల పాయింట్లకు ఆ లెక్కన చెల్లించాలి), ఆరుగురం, రాత్రి పన్నెండు దాటింది. చేతిలో ఆఠీను నాలుగు, అయిదు, డైమను రాణి, రాజు, కళావరు ఎనిమిది, పది, ఒక జోకరు. మిగిలిన ఆరూ దేనికీ అతకని పెద్ద ముక్కలు. ఒరిజినల్ లేదు. ఇలాంటి చేతిని మొదటి వంతులోనే పడేయాలి, అంటే డ్రాప్ చేసి ఆ ఆట వదిలేయాలి. డ్రాప్ చేస్తే 20 పాయింట్లు, అంటే 40 రూపాయలు పోతాయి. మధ్యలో వదిలితే 40 పాయింట్లు. ఎవరైనా ఆట కొట్టేసరికి ఒరిజినల్ లేకపోతే చేతిలో ముక్కలన్నీ లెక్కకొస్తాయి, 80 దాకా. అంటే 160 రూపాయలు. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా అంతకుముందు మూడు ఆటలు పోయి ఉన్నాయి కాబట్టి డ్రాప్ చేయలేదు. కళావరు తొమ్మిది వస్తుందని చూశాను. రాలేదు. ఏడో వంతులో ఎవరో షో కొట్టారు. పూర్తి కౌంటు, 80 పాయింట్లూ పోయాయి.

ఓడిపోవడం ఆటలో భాగమే. నేను మరచిపోలేనిది ఆ తర్వాతి పది సెకన్లు. ఎవరూ అడగకుండానే తరువాతి పంపకం మొదలవుతుంది. లేవాలంటే మనమే మూల ఉన్న చిన్న గుర్తు నొక్కాలి, నొక్కితే నిజంగానే వెళ్లిపోతారా అని అడుగుతుంది. కూర్చోవడానికి ఏమీ నొక్కనక్కరలేదు. తెనాలి దగ్గర మా ఊళ్లో సంక్రాంతికి అరుగుమీద పేకాట సాగేటప్పుడు, ఎవరైనా వరసగా ఓడిపోతుంటే మా పెదనాన్న ముక్కలు కలపకుండా చేత పట్టుకుని, "ఇక చాల్లేరా, లే, అన్నానికి వేళయింది" అనేవాడు. ఆయన లేపితే లేచేవాళ్లు. ఈ యాప్‌లో అన్నీ పెట్టారు, ఆ మాట అనేవారిని మాత్రం పెట్టలేదు.

డబ్బు వేయడానికి యూపీఐతో పావు నిమిషం చాలేది. తీసుకోవడం దగ్గరే అసలు కథ. మన సొమ్ము మూడు సంచుల్లో ఉండేది: వేసినది, గెలిచినది, బోనస్. బయటికి వచ్చేది గెలిచినది మాత్రమే. బోనస్ అనేది బల్లలమీద ఆడేకొద్దీ కొంచెం కొంచెం విడుదలయ్యేది. పాన్ కార్డు, బ్యాంకు వివరాలు అడగడం సబబే, దానికి నా అభ్యంతరం లేదు. కానీ తీసుకుంటానని అర్జీ పెట్టాక డబ్బు కొన్ని గంటలు పరిశీలనలో ఉండేది. ఆ గంటల్లో తెరమీద పెద్ద అక్షరాలతో మరో బొత్తాం వెలుగుతూ ఉండేది, అర్జీ రద్దు చేసుకుని ఆ సొమ్ముతో మళ్లీ ఆడవచ్చని. 2022 దీపావళికి 18,000 గెలిచి అర్జీ పెట్టి పడుకున్నాను. నిద్ర పట్టక లేచి ఆ బొత్తాం నొక్కాను. తెల్లవారేసరికి 2,300 మిగిలాయి. పొద్దున్నే మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఏమండీ, రాత్రంతా నిద్రపోలేదా?" అని అడిగితే ఆఫీసు పని అని చెప్పాను. ఆ అబద్ధం నాదే. ఆ బొత్తాం అక్కడ ఉండటానికి మాత్రం ఆటగాడి మేలు కోరే కారణం ఒక్కటీ నాకు ఇప్పటికీ కనబడటం లేదు.

యాప్ తెరవగానే ఇది నైపుణ్యంతో ఆడే ఆట అని, సుప్రీంకోర్టు చెప్పిందని రాసి ఉండేది. ఆ మాట పుట్టింది మన దగ్గరే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో ఇచ్చిన తీర్పు అది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని కోర్టు నిజంగానే చెప్పింది. అయితే అదే తీర్పులో, పందెం ఆటల మీద ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం కావచ్చనీ ఉంది. యాప్ ఆ రెండో మాట ఎక్కడా రాయలేదు. నేను ఆడిన బల్లల్లో గెలిచిన ప్రతి 100 రూపాయల్లో 15 సేవా రుసుముగా పోయేవి. అయిదుగురు ఓడిపోయిన పాయింట్లు కలిపి 180 అయితే, రెండు రూపాయల బల్లలో 360 రావాలి, చేతికి 306 వచ్చేది. సమానమైన నేర్పుగల ఆరుగురు ఏడాదంతా ఆడితే ఆరుగురికీ తగ్గేది ఆ రుసుమే.

దానిమీద పన్నులు. 2023 ఏప్రిల్ 1 నుంచి నికర గెలుపు మీద 30 శాతం మూలంలోనే పన్ను కోత (టీడీఎస్). అదే ఏడాది అక్టోబరు 1 నుంచి వేసే సొమ్ము మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. 100 వేస్తే అందులో 21.88 రూపాయలు పన్నుకు పోయి 78.12 మిగులుతుంది. మా యాప్ ఆ తేడాను బోనస్‌గా ఇచ్చి, ఆటగాడికి నష్టమేమీ లేదని చెప్పుకుంది. అయితే అది మూడో సంచిలో పడే సొమ్ము.

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది దీన్ని చూసే ఉండరు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. సెలవుకు ఊరు వెళ్తే, ఫోను ఎక్కడుందో చూసుకుని యాప్ డబ్బు బల్లలు మూసేసేది. కర్ణాటకలోనూ 2021 అక్టోబరులో చట్టం వచ్చి, మరుసటి ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసేదాకా ఆగింది. నేను ఆడని నాలుగు నెలలూ అవే. ఆ నాలుగు నెలల్లో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు, నిద్ర బాగా పట్టింది, జీతం నెలాఖరుదాకా వచ్చింది. అయినా తెరిచిన రోజునే మళ్లీ వెళ్లి కూర్చున్నాను.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదంతో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ వచ్చింది. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. మా యాప్ ఆ వారంలోనే డబ్బు బల్లలు ఎత్తేసింది. నా ఖాతాలో మిగిలిన 612 రూపాయలు మూడో రోజున బ్యాంకుకు వచ్చాయి, ఆ విషయంలో మాట నిలబెట్టుకుంది.

ఇప్పుడు ఉచిత చిప్పులతో ఆడే బల్లలున్నాయి. రెండు నెలలు ఆడి చూశాను. నేర్చుకునేవారికి మంచివే. అలవాటున్నవారికి చప్పగా ఉంటాయి. పోయేదేమీ లేదు కాబట్టి ఎవరూ డ్రాప్ చేయరు, చెత్త చేతితోనే చివరిదాకా కూర్చుంటారు. పందెం లేకుండా ఆటలో పట్టు తేవాలంటే వారాంతపు పోటీలు, ర్యాంకులు గట్టిగా నడపాలి. ఆ పని యాప్‌వాళ్లు ఇంకా సరిగా మొదలుపెట్టలేదు. ఈ రూపంలో యాప్‌కు అయిదుకు మూడు ఇస్తాను. డబ్బు బల్లల కాలానికి ఒకటే ఇస్తాను, అదీ ముక్కల సర్దుబాటుకు.

చట్టం వచ్చాక నాకు టెలిగ్రామ్‌లో రోజూ సందేశాలు వస్తున్నాయి. విదేశీ యాప్ అని, ప్లే స్టోరులో కాక నేరుగా ఫోనులో ఎక్కించే APK ఫైలు దించుకోమని, ఎవరిదో ఖాతాకు యూపీఐ చేయమని. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. మా యాప్‌లో కనీసం పాన్ అడిగేవారు, సొమ్ముకు లెక్క ఉండేది. వీటిలో అదీ లేదు. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఆట మానలేక బాధపడుతుంటే 14416కు చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

పాత ఖాతా ఉన్నవారు యాప్ తీసేయడానికి ముందు లావాదేవీల చిట్టా, పన్ను కోత పత్రం రెండూ దించుకుని పెట్టుకోండి. నాది అడిగిన తొమ్మిదో రోజున వచ్చింది. దాన్ని మా ఆవిడ ముందు పెట్టి ఇద్దరం కలిసి కూడితేనే పైన రాసిన లెక్క తేలింది.