గాస్కెట్ ట్యూబు మంచిదే, నేను పూసిన చోటే తప్పు

కొన్నది బూడిద రంగు సిలికాన్ గాస్కెట్ ట్యూబు, 85 గ్రాములది. ఇంజన్ భాగాల అతుకుల్లోంచి ఆయిల్ కారకుండా పూసే పేస్టు ఇది. అనంతపురంలో ఒక స్పేర్ పార్ట్స్ అంగట్లో 240 రూపాయలు పడింది. ఇంట్లోనే కారు ఆయిల్ లీక్ ఆపుకుందామని మూడు సార్లు వాడాను. అందులో రెండు సార్లు దండగ. కంపెనీ పేరు రాయడం లేదు. దండగైన రెండు సార్లూ తప్పు నాది, ట్యూబుది కాదు.

మా కారు 2012 మోడల్ పెట్రోల్ బండి, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. నేను టీచర్‌ని. బడికి పోనూ రానూ రోజుకు 70 కిలోమీటర్లు దీని మీదే. ఇంటి ముందు తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. అమ్మ పొద్దున్నే నీళ్లు చల్లి ముగ్గేసే చోటే రాత్రి కారు నిలుపుతాం. ఉగాది అయిన వారానికి ముగ్గు మధ్యలో రూపాయి బిళ్లంత జిడ్డు మరక కనబడింది. మరో వారానికి అవి మూడయ్యాయి. నల్ల బండే కదా, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అమ్మకు తెలిసింది.

పక్కింటాయన బాత్రూం యాసిడ్ పోస్తే మరక పోతుందన్నాడు. మీ ఇంట్లోనూ ఇవే బండలుంటే ఆ పని చేయకండి. ఇది సున్నపురాయి జాతి. యాసిడ్ పడగానే నురగ వస్తుంది, బండ మెరుపు పోయి తెల్లగా గరుకు తేలుతుంది. రంపపు పొట్టు చల్లి, ఒక రాత్రి ఉంచి ఊడ్చేస్తే కొంత నయం. పూర్తిగా మాత్రం పోదు.

ముందు ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. కారు కిందికి టార్చ్ కొట్టి చూసి, "చాంబర్ ప్యాకింగ్ పోయింది మేడమ్, 3,500 అవుతుంది" అన్నారు. చూడటానికి అర నిమిషం కూడా పట్టలేదు. చాంబర్ అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, ప్యాకింగ్ అంటే ఆయిల్ కారకుండా అతుకు మధ్య పెట్టే పట్టీ. కింద అంతా తడిగా ఉన్నమాట నిజమే, నేనూ వంగి చూశాను. చిన్న కార్లలో చాలావాటికి చాంబర్‌కు విడిగా ప్యాకింగ్ ఉండదు, ఈ సిలికాన్ పేస్టే పూసి బిగిస్తారు. ఆ సంగతి తెలిశాక 240 రూపాయల పనికి 3,500 ఎందుకని అహం పొడుచుకొచ్చింది. పైగా ఎండాకాలం సెలవులు.

ఆ అంగడతను మాత్రం అడిగాడు, "అక్కా, యాడ కారుతాందో చూసినారా?" అని. "చాంబర్ అన్నా" అన్నాను గట్టిగా. అతను ట్యూబు ఇచ్చాడు. దాంతో పాటు రేడియేటర్‌లో పోసే లీక్ మందు సీసా కూడా చూపించాడు, 350 అట. అది నాకు కొత్త కాదు. పోయిన ఏడాది ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతుంటే అలాంటిదే పోశాను. నెల తిరిగేసరికి కూలెంట్ డబ్బా అడుగున బురదలాంటిది పేరుకుంది, కూలెంట్ మాత్రం తగ్గుతూనే ఉంది. చివరికి చూస్తే పైన హోస్ పైపు క్లిప్పు వదులైంది. స్క్రూ డ్రైవర్‌తో రెండు తిప్పులు తిప్పితే ఆగింది. ఆ బురదను కడిగించడానికైన ఖర్చు చెప్పను. ఈ మాట విని నాయన నవ్వాడు. ఆయన పాతికేళ్లు లారీ తోలాడు. "మేం రేడియేటర్లో పసుపు పోసేవాళ్లం పాపా. గుత్తి దాకా వచ్చేది బండి. గుత్తిలో షెడ్డుకే పోయేవాళ్లం" అన్నాడు. పసుపైనా సీసా మందైనా చేసేది ఒకటే, చిన్న కన్నానికి పొడి అడ్డం పడటం. ఆ పొడికి కన్నమేదో, రేడియేటర్‌లోని సన్న గొట్టమేదో తేడా తెలియదు.

ఇక ట్యూబు సంగతి.

జాకీ ఒక్కటే నమ్మి కారు కిందికి దూరొద్దు. నేను సిమెంటు ఇటుకలు పేర్చబోతే నాయన కేకలేశాడు. బోలు ఇటుక బరువు పడితే చెప్పకుండా పగులుతుందట. రెండు చింత మొద్దులు తెచ్చి పెట్టించాడు. స్టెప్నీ టైరు కూడా పడుకోబెట్టి కారు కిందికి తోయించాడు, ఏదైనా జారితే బండి టైరు మీద ఆగుతుందని. ఆయిల్ పట్టడానికి అమ్మ పాత బేసిన్ ఇచ్చింది. మళ్లీ అడగొద్దని కూడా చెప్పింది.

పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు విప్పేటప్పుడు మొదటి ధార సూటిగా కిందికి పడదు, పక్కకు చిమ్ముతుంది. నా మోచేతి మీదుగా చంకలోకి పోయింది. బండి అప్పటికి గంట సేపు ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. చాంబర్ చుట్టూ పది నంబర్ స్పానర్ పట్టే బోల్టులు. అన్నీ విప్పినా అది ఊడి రాదు, పాత సిలికాన్ అంటుకుని ఉంటుంది. కత్తి పెట్టి లేపాలి, అంచు వంగకూడదు. పాతది గీకడానికి రెండు గంటలు పట్టింది. ఇంటి రిపేరులో అందరూ బోల్టుల గురించే చెబుతారు, ఈ గీకుడు గురించి ఎవరూ చెప్పరు. వేళ్ల మధ్య ముక్కలు, జుట్టులో ముక్కలు. గీకాక పెట్రోల్ గుడ్డతో తుడవాలి. కొంచెం జిడ్డున్నా కొత్త సిలికాన్ అంటదు. ఇంజన్ అంచు నుంచి చుక్క చుక్కగా ఆయిల్ దిగుతూనే ఉంటుంది. తుడిచినప్పుడల్లా మళ్లీ దిగుతుంది.

ట్యూబు మూతి కోణంగా కోసి, మూడు మిల్లీమీటర్ల తాడులా తెగకుండా చుట్టూ వేయాలి, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు. పేస్టు చిక్కదనం బాగుంది, నిలువు అంచు మీద కూడా జారలేదు. ఎక్కువ వేస్తే బిగించినప్పుడు లోపలికి పొంగుతుంది. పొంగినది ఎండి తెగి ఆయిల్‌లో పడితే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడొచ్చు. రెండోసారి విప్పినప్పుడు చాంబర్ లోపలి అంచుకు వానపాముల్లా వేలాడుతూ రెండు ముక్కలు కనబడ్డాయి. రెండూ నా చేతి పనే.

రెండోసారి ఎందుకు విప్పానంటే, మొదటిసారి రెండు గంటలకే ఆయిల్ పోసేశాను. ట్యూబు మీద 24 గంటలు ఆగాలని ఉంది. సాయంత్రం ధర్మవరంలో పెళ్లి ఉంది. మర్నాడు పొద్దున బండ మీద మళ్లీ మరక.

ఈసారి బుద్ధిగా ఆగాలనుకున్నాను. అనుమానం కొద్దీ ఒక బండ ముక్క మీద కూడా కొంచెం పిండి పెట్టాను. 24 గంటల తర్వాత పైన గట్టిపడింది కానీ, బ్లేడుతో కోస్తే లోపల ఇంకా మెత్తగానే ఉంది. ఈ రకం సిలికాన్ ఎండకు ఆరదు, గాలిలో తేమ పీల్చుకుని గట్టిపడుతుంది. మన ఊరి గాలిలో మే నెలలో తేమ ఎక్కడిది? ఉతికిన చీర అరగంటలో ఆరే ఊరు ఇది. ట్యూబు మీద రాసిన 24 గంటలు అనంతపురం ఎండాకాలాన్ని చూసి రాసింది కాదు. నేను రెండు రోజులు ఆగాను. మీరూ ఆగండి. కంపెనీ వాళ్లు ఈ ముక్క అట్ట మీద రాస్తే బాగుండేది, అందుకే ఒక స్టార్ కోస్తున్నాను.

రెండు రోజులాగి ఆయిల్ పోశాను. మూడో రోజు పొద్దున అమ్మ పిలవలేదు. ముగ్గు పక్కకు జరిపి వేసింది, అంతే. వెళ్లి చూస్తే మరక.

ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. ఉగ్గాని పెట్టినా తినలేదు. నాయన వచ్చి బానెట్ లేపి చాలాసేపు చూశాడు. "ఆయిలు కిందికి కారుతాది గానీ, పైకి ఎక్కుతాదా పాపా? నువ్వు కింద పండుకొని చూస్తాండావు" అన్నాడు.

అప్పుడు చేసిన పని మొదటి రోజే చేయాల్సింది. ఇంజన్‌ను డీజిల్ గుడ్డతో పైనుంచి కింది దాకా తుడిచి ఆరనిచ్చాను. ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ డబ్బా తెచ్చి ఇంజన్ పక్కలన్నిటికీ చల్లాను. ఫ్యాను బెల్టు దగ్గర మాత్రం వద్దు. రాప్తాడు దాకా పోయి వచ్చి బానెట్ తీస్తే, తెల్లటి పౌడర్ మీద సన్నటి గోధుమ రంగు గీత, ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు. అది చాంబర్ దగ్గర మొదలవలేదు. అన్నిటికన్నా పైన ఇంజన్‌కు మూతలా ఉండే టాపెట్ కవర్ వెనక మూల నుంచి బయల్దేరి, ఇంజన్ వీపు మీదుగా దిగి, చాంబర్ అంచు చుట్టూ తిరిగి, అక్కడ చుక్కయి పడుతోంది. బండి నడిచేటప్పుడు గాలి ఆ చుక్కల్ని ఇంకా వెనక్కి కొడుతుంది. అందుకే కింద నుంచి చూసిన వాళ్లందరికీ చాంబరే కనబడింది. షెడ్డు వాళ్లకూ, నాకూ.

నెల రోజులుగా సప్తగిరి సర్కిల్‌లో బండి ఆగినప్పుడల్లా మాడు వాసన వచ్చేది. ముందున్న ఆటోది అనుకునేదాన్ని. టాపెట్ కవర్ నుంచి దిగే ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి కాలే వాసన అది.

టాపెట్ కవర్ రబ్బరు ప్యాకింగ్ 420 రూపాయలు. అదే అంగడి, అదే అతను. "ఇప్పుడు చూసినారా అక్కా?" అన్నాడు, నవ్వకుండా. స్పార్క్ ప్లగ్గుల మీదుండే కాయిల్స్ పీకి, బోల్టులు విప్పి, పాత రబ్బరు లాగితే ప్లాస్టిక్ ముక్కలా పటుక్కున విరిగింది. వేడికి అంత గట్టిపడింది. స్పార్క్ ప్లగ్గుల గుంతల్లో కూడా ఆయిల్ ఉంది. రబ్బరు ప్యాకింగ్‌కు చుట్టూ సిలికాన్ పూయకూడదు, జారిపోతుంది. ఇంజన్ ముందు కవర్ అతుకు కలిసే రెండు మూలల్లో మాత్రం కందిగింజంత చాలు. ట్యూబు నిజంగా అవసరపడింది ఆ రెండు గింజలకే. బోల్టులు మధ్య నుంచి బయటికి, కొంచెం కొంచెంగా, చెయ్యి బిగువుతోనే బిగించాలి. అడుగున ఉన్నది అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. మొత్తం పని గంట లోపే. మధ్యలో టీ కూడా తాగాను.

ఇప్పటికి ఆరు వారాలు. బండ మీద కొత్త మరక లేదు. ఒకరోజు ముందు ఎడమ పక్కన తడి చూసి గుండె ఆగింది. వేలితో ముట్టుకుంటే నీళ్లు. ఏసీ నీళ్లు.

చక్రం పక్కన పల్చటి పసుపు రంగు తడి కనబడి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గి ఉంటే మాత్రం ఈ ట్యూబు, పౌడర్ ఏవీ ముట్టుకోకండి. బండి తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. అది పెయింట్ మీద పడితే పెయింటే లేచిపోతుంది, బ్రేకు సంగతి చెప్పనక్కర్లేదు.

ట్యూబుకు నాలుగు స్టార్లు. రేడియేటర్ మందు సీసాకు ఒకటి, అదీ గుత్తి దాకా చేర్చేంత పని చేస్తుంది కాబట్టి. టాల్కం పౌడర్‌కు ఐదు. నా మొదటి రెండు ప్రయత్నాలకు పోయిన ఆయిల్, పెట్రోల్, బేసిన్ కలిపి లెక్కేస్తే షెడ్డు చెప్పిన 3,500లో సగం దాటింది. షెడ్డుకే ఇచ్చి ఉంటే వాళ్లూ చాంబరే విప్పేవాళ్లు.

ట్యూబులో ఇంకా కొంచెం మిగిలింది. మూతిలో పొడవాటి మేకు గుచ్చి పెట్టండి, లేకపోతే వారానికే గడ్డకడుతుంది. మిగిలిన దాంతో అమ్మ ఎయిర్ కూలర్ తొట్టికి ఉన్న పగులు పూశాను. ఆ పగులు కంటికి కనబడుతోంది. మొదటిసారికే ఆగింది.