కారవాన్ వెనక చిన్న కారు: శ్రీకాకుళం జిల్లా చుట్టి వచ్చాం

అమెరికా నుంచి అన్నయ్య కుటుంబం వచ్చిందని కారవాన్ (లోపలే పడక, బాత్రూమ్ ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని శ్రీకాకుళం జిల్లా తిరిగాం. వెనకాలే మా స్విఫ్ట్‌లో మా అబ్బాయి వచ్చాడు. ఈ జిల్లాకు కారవాన్‌లో వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, వెంట చిన్న కారు ఉండాలి.

అమెరికాలో అన్నయ్య తన కారును మోటర్‌హోమ్‌కే (కారవాన్ లాంటి బండికి అక్కడి పేరు) తగిలించి, నాలుగు చక్రాలూ నేల మీద దొర్లేలా లాక్కెళ్తాడు. కారు ముందు ఛాసిస్‌కి, అంటే అడుగు చట్రానికి, బేస్‌ప్లేట్ అనే లోహపు బిగింపు బిగిస్తారు. దానికీ మోటర్‌హోమ్‌కీ మధ్య టో బార్ అనే లాగుడు కడ్డీ, అది ఊడినా కారు విడిపోకుండా రెండు గొలుసులు. బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు ముందు బండితో పాటే వెలగాలి. కారుకు విడిగా బ్రేక్ పరికరం కూడా పెట్టాడు, లేకపోతే ఆ బరువంతా మోటర్‌హోమ్ బ్రేకుల మీదే పడుతుంది. గేరు న్యూట్రల్‌లో, స్టీరింగ్ లాక్ పడకుండా ఉండాలి. చాలా ఆటోమేటిక్ కార్లను ఇలా లాగకూడదు. ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిరగక లోపల అరిగిపోతుంది. పైగా కారు తగిలించి ఉండగా రివర్స్ చేయడం కుదరదు, ముందు చక్రాలు ఎటో తిరిగిపోతాయి.

మన రోడ్డు నిబంధనలు చెడిపోయిన బండిని లాగనిస్తాయి గానీ బాగున్న కారును ఇలా లాగనివ్వవు. ఒప్పుకున్నా, రివర్స్ లేకుండా శ్రీకూర్మం వీధుల్లో ఏం చేస్తాం? రెండో డ్రైవరే మనకు దారి.

అరసవల్లికీ శ్రీకూర్మానికీ కారులోనే వెళ్లాం. శ్రీకూర్మంలో తాబేళ్ల దగ్గర నుంచి పిల్లలు ఓ పట్టాన కదల్లేదు. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు, కింద వంశధార చూడాలంటే ఎండ ఎక్కకముందే వెళ్లండి. కారవాన్‌కు బాగా నచ్చిన చోటు కళింగపట్నం. ఖాళీ జాగా ఉంది, గాలి ఉంది, పెద్దవాళ్లు బండిలోనే నడుం వాల్చారు. తేలినీలాపురంలో పక్షులు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. అక్కడికి పెద్ద బండి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేక టెక్కలిలోనే ఆపించాను. గూడబాతుల కోసం చలికాలంలో రండి.

రాత్రిళ్లు శ్రీకాకుళంలో లాడ్జిలో దిగాం. గదులు మామూలే, కానీ కారవాన్ ఏసీకి ప్లగ్ పాయింట్, ట్యాంకుకు నీళ్లు అడగ్గానే ఇచ్చారు. అద్దెకిచ్చినవాళ్లు మాత్రం ట్యాంకు సగమే నింపి పంపారు, మొదటి రోజే టెన్షన్. బండి తీసుకునేటప్పుడు కుళాయి తిప్పి, ఏసీ వేసి చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు బండిలో బాత్రూమ్ ఉండటం ఎంతో మేలైంది. పెద్దవాళ్లు లేకపోతే కారూ లాడ్జీ చాలు.