చెంచుగూడేలకు సోలార్ దీపాలు: లాంతరా, వీధిదీపమా, ఇంటి కిట్టా?

కార్తీకం దగ్గరపడితే కర్నూలు, నంద్యాల సేవాబృందాలు అడిగేది ఇదే: నల్లమల గూడేలకు సోలార్ ఇద్దామనుకుంటున్నాం, ఏది కొనాలి? ఆత్మకూరు–దోర్నాల రోడ్డు పక్కనున్న బైర్లూటికైతే మెకానిక్ బండి మీద పోగలడు. పెచ్చెర్వుకు అడవి దారే గతి. అందుకే ధర కన్నా ముందు చూడాల్సింది, చెడిపోతే గూడెంలోనే బాగుచేసుకోగలరా అన్నది.

లాంతరు చవక, రాత్రి చేతపట్టుకుని బయటికి పోవచ్చు. ఛార్జింగ్ పిన్ను వదులైతే మాత్రం మొత్తం మూలన పడుతుంది. వీధిదీపం గూడెం నడుమ ఒకటుంటే పాము, తేలు భయం తగ్గుతుంది. బ్యాటరీ ఎత్తున దీపంలోనే ఉంటుంది కాబట్టి ఆరిపోతే ఎక్కేవాళ్లుండరు.

నా మొగ్గు ఇంటి కిట్టుకే. 40 వాట్ల ప్యానెల్, ఛార్జ్ కంట్రోలర్ (బ్యాటరీ మితిమీరి ఛార్జ్ కాకుండా, పూర్తిగా దిగిపోకుండా చూసే పెట్టె), 3 వాట్ల బల్బులు మూడు, 12.8 వోల్టుల 12 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ. బల్బులు ఆరు గంటలు వెలిగి, ఫోన్ ఛార్జ్ అయినా రోజుకు 65 వాట్-అవర్లు దాటదు. బ్యాటరీలో దాదాపు 150 వాట్-అవర్లు పడతాయి కాబట్టి ఎండ లేకున్నా రెండు రాత్రులు గడుస్తాయి. చవకని యాసిడ్ బ్యాటరీ కొనొద్దు. డిస్టిల్డ్ వాటర్ దొరక్క వాగునీళ్లు పోస్తారు, ప్లేట్లు పాడైపోతాయి.

గడ్డికప్పు మీద ప్యానెల్ నిలవదు. పదడుగుల జీఐ పైపును రెండడుగులు కాంక్రీటులో పాతి, దక్షిణానికి తిప్పి, 15–20 డిగ్రీల వాలుతో బిగించాలి. అందరూ తప్పేది చోటు దగ్గరే. ఎండాకాలంలో టేకు, మద్ది ఆకు రాల్చి ఉంటాయి, ఎక్కడ చూసినా ఎండే. వానలు పడ్డాక అదే చోట నీడ కమ్ముతుంది. ప్యానెల్ ఒక మూలన నీడ పడ్డా కరెంటు బాగా పడిపోతుంది. డిసెంబరు మధ్యాహ్నం 20 అడుగుల చెట్టు నీడ ఉత్తరానికి 16 అడుగులు సాగుతుంది. పొద్దున, సాయంత్రం ఇంకా ఎక్కువ. పులుల అభయారణ్యంలో కొమ్మ కొట్టడానికి వీల్లేదు, కాబట్టి స్తంభాన్నే జరపాలి. వైరును పైపు లోపలినుంచి తీయండి, లేకుంటే కోతులు లాగేస్తాయి.

దీపం మసకబారితే కంట్రోలర్ తప్పించి బల్బును బ్యాటరీకి నేరుగా కలిపేవాళ్లుంటారు. అట్లా చేస్తే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి చచ్చిపోతుంది. గూడెంలో ఇద్దరికి, వాళ్లలో ఒకరు ఆడమనిషి అయ్యేలా చూసి, ఫ్యూజు మార్చడం, మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడడం నేర్పండి. మగవాళ్లు తేనెకు పోతే రోజుల తరబడి రారు. ఫ్యూజులు, కనెక్టర్లు, రెండు బల్బులు, ఒక కంట్రోలర్ వాళ్ల దగ్గరే పెట్టి రండి.

బయల్దేరే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి, శ్రీశైలం ఐటీడీఏకూ (గిరిజనాభివృద్ధి సంస్థ) చెప్పండి. అర్జీలో సిమెంటు, పైపులు కూడా రాయండి.