యూనివర్సల్ ఏసీ రిమోట్: బీప్ వస్తే సరిపోదు

మా స్ప్లిట్ ఏసీ రిమోట్ పాడైతే కంపెనీది వెయ్యి దాటుతుందన్నారు. కోఠి గుజరాతీ గల్లీలో యూనివర్సల్ రిమోట్ రెండొందల యాభైకే దొరికింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఎండాకాలాలన్నీ దీంతోనే గడుస్తున్నాయి. ఆ ధరకి మంచి వస్తువే, కాకపోతే కోడ్ ఎంచుకోవడంలో ఓపిక కావాలి.

డబ్బాలో ఒక కాగితం ఇస్తారు. కంపెనీ పేరుకెదురుగా మూడంకెల కోడ్‌లు ఉంటాయి. సెట్ బటన్ నొక్కి పట్టుకుంటే తెరమీద అంకె మెరుస్తుంది, ప్లస్ మైనస్‌లతో మన కోడ్‌కి వెళ్లాలి. కాగితంలో మన కంపెనీ లేకపోతే ఆటో సెర్చ్ పెట్టి, రిమోట్‌ని ఏసీకి గురిపెట్టి, ఏసీ నుంచి బీప్ వినగానే ఆపాలి. వేలు కాస్త ఆలస్యమైందా, అసలు కోడ్ దాటిపోతుంది. అప్పుడు మైనస్‌తో ఒక్కో అంకే వెనక్కి రావాలి.

చాలామంది బీప్ రాగానే పనైపోయిందనుకుంటారు. టీవీ రిమోట్ నొక్కిన బటన్ సంగతి మాత్రమే పంపుతుంది. ఏసీ రిమోట్ అలా కాదు, మామూలుగా ఏ బటన్ నొక్కినా టెంపరేచర్, మోడ్, ఫ్యాన్, స్వింగ్ అన్నీ కలిపి ఒకేసారి పంపుతుంది. అందుకే కొంతవరకే కలిసే కోడ్‌లు దొరుకుతుంటాయి. మాకు మొదట దొరికిన కోడ్‌తో ఏసీ ఆన్ అయింది, కూలింగ్ వచ్చింది, కానీ స్వింగ్ నొక్కితే రెక్క కదల్లేదు, ఫ్యాన్ స్పీడ్ తగ్గలేదు. అదే కంపెనీ వరసలో తర్వాతి కోడ్ పెడితే అన్నీ పనిచేశాయి. కాబట్టి మోడ్, ఫ్యాన్, స్వింగ్ అన్నీ నొక్కి చూశాకే కోడ్ ఖాయం చేసుకోండి.

ఇంకోటి, రిమోట్ చెప్పడమే గాని ఏసీ తిరిగి జవాబివ్వదు. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే తెరమీద 24 ఉన్నా ఏసీ 20లోనే నడుస్తుంటుంది. కోడ్ కుదిరాక, నొక్కింది ఏసీకి చేరిందా లేదా అన్నదానికి మాత్రం తెరని కాదు, ఏసీ బీప్‌ని నమ్మాలి.

రిమోట్ పలకనప్పుడు ముందు ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ బల్బు వైపు పెట్టి బటన్ నొక్కండి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో తెల్లగానో ఊదాగానో మెరుస్తుంది. వెనక కెమెరాల్లో ఫిల్టర్ ఉండొచ్చు, సెల్ఫీ కెమెరాతో చూడండి. వెలుగు మసకగా ఉంటే సెల్స్ మార్చాలి. బాగానే మెరుస్తున్నా ఏసీ కదలకపోతే కోడ్ పోయి ఉండొచ్చు. మాది సెల్స్ మార్చిన ప్రతిసారీ కోడ్ మర్చిపోతుంది, అందుకే సెల్స్ మూత లోపల మార్కర్‌తో రాసిపెట్టాను. చలికాలంలో సెల్స్ తీసి పక్కన పెట్టండి, చవక సెల్స్ కారి స్ప్రింగులు తుప్పు పడతాయి.

నాకు నచ్చనిది టైమర్. తెరమీద గంటలు పడతాయి కానీ మా ఏసీ దాన్ని పట్టించుకోదు, తెల్లార్లూ నడుస్తూనే ఉంటుంది. రాత్రి టైమర్ పెట్టుకుని పడుకునే అలవాటున్నవాళ్లు మాత్రం మీ మోడల్ నంబర్ చెప్పి దానికి సరిపోయే రిమోటే అడిగి తీసుకోండి.