డీఎన్ఏ కిట్ కొనాలా? శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ల లెక్కలో చూస్తే

డీఎన్ఏ కిట్ ఇప్పుడు మన రెండు జిల్లాల్లోకి మూడు దారుల్లో వస్తోంది. ఫోన్లో యాడ్ చూసి తెప్పించుకునేది ఒకటి. ల్యాబ్ కలెక్షన్ సెంటర్లో ఫుల్ బాడీ చెకప్‌తో పాటు అంటగట్టేది రెండోది. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకొస్తూ సూట్‌కేసులో పడేసుకొచ్చేది మూడోది. ఏ దారిన వచ్చినా పెట్టెలో ఉండేది ఒకటే: ఉమ్ము పట్టే ట్యూబు, బార్‌కోడ్ స్టిక్కరు, వెనక్కి పంపే కవరు. ధర ప్యాకేజీని బట్టి ఐదారు వేల నుంచి పాతిక వేల దాకా పోతుంది.

సరదాకైతే, ఆ డబ్బు బరువనిపించకపోతే, కొనుక్కోండి. ఆరోగ్యం కోసమైతే మాత్రం మన ఇళ్లలో నిజంగా వచ్చే ప్రశ్నలకి ఈ కిట్ జవాబు చెప్పదు. చెప్పే పరీక్షలు వేరే ఉన్నాయి, వాటిలో కొన్ని చాలా చవక.

మనిషి డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. కిట్ కంపెనీల్లో ఎక్కువ భాగం వాటన్నిటినీ చదవవు. ఒక చిప్ మీద ముందే ఎంచి పెట్టిన ఆరేడు లక్షల చోట్ల మాత్రమే చూస్తాయి. ఆ చోట్లు ఎంచడానికి వాడిన పరిశోధనలు ఎక్కువగా యూరప్ మూలాల వాళ్ల మీద జరిగినవి. 2018లో 23అండ్‌మీ అనే అమెరికా కిట్ కంపెనీ రొమ్ము క్యాన్సర్ జన్యువుల రిపోర్టుకి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చినప్పుడు, అందులో చూసింది మూడంటే మూడు మార్పులు. అవీ యూరప్ మూలాల అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. బీఆర్‌సీఏ అనే ఆ రొమ్ము క్యాన్సర్ జన్యువుల్లో జబ్బు తెచ్చే మార్పులు వెయ్యికి పైగా తెలుసు. తల్లికీ పిన్నికీ రొమ్ము క్యాన్సర్ వచ్చిన రాజాం ఆవిడ అలాంటి రిపోర్టు చూసి ‘నాకు లేదట’ అని ఊపిరి పీల్చుకుంటే అది వట్టి భ్రమ. ఆ రిపోర్టులో ‘లేదు’ అంటే, వాళ్లు చూసిన చోట లేదని, అంతే.

తప్పు రెండో వైపు నుంచీ జరుగుతుంది. కొందరు కంపెనీ ఇచ్చిన రా డేటా ఫైలుని, అంటే చిప్ చదివిన అక్షరాల ముడి జాబితాని, ఇంకో వెబ్‌సైట్లో ఎక్కించి, ఏదో భయంకరమైన మార్పు ఉందని చూసి హడలిపోతారు. అలా బయటపడిన మార్పుల్ని క్లినికల్ ల్యాబులో మళ్లీ పరీక్షిస్తే నూటికి నలభై అసలు లేనివేనని 2018లో ఒక అమెరికన్ ల్యాబు అధ్యయనం తేల్చింది. అరుదైన మార్పుల దగ్గర చిప్ పొరబడటం మామూలే. కాబట్టి రా డేటా చూసి ఏ ఆపరేషనూ, ఏ మందూ నిర్ణయించకూడదు.

షుగరు, బీపీ, గుండెపోటు రిస్కుల పేజీలు చూడ్డానికి రంగురంగులుగా ఉంటాయి. ‘మీకు 1.4 రెట్లు ఎక్కువ’ అని ఉంటే, దేనికి 1.4 రెట్లో అడగాలి. నూటికి ఒకరికి వచ్చే జబ్బయితే అది నూటికి ఒకటిన్నర కూడా కాదు. షుగరు సంగతికైతే తల్లిదండ్రుల చరిత్ర, నడుం కొలత, మూడు నెలల షుగరు సగటు చెప్పే, కొన్ని వందల్లో అయ్యే హెచ్‌బీఏ1సీ, ఈ మూడూ ఆ పేజీ కన్నా ఎక్కువ చెబుతాయి.

పూర్వీకుల రిపోర్టు గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. కంపెనీ దగ్గర పోల్చి చూసే నమూనాలు ఎవరివి ఉంటే వాళ్ల పేరే వస్తుంది. కళింగులనీ తూర్పు కాపులనీ వెలమలనీ విడదీసి చెప్పేంత నమూనాలు ఉంటాయని ఆశపడొద్దు. ‘దక్షిణ భారతం’ అని వస్తుంది. ఇచ్ఛాపురం వైపు వాళ్లకి కొంత తూర్పు భారతం కలిపి చూపించవచ్చు. చుట్టాల్ని వెతికే జాబితాతో ఇంకో చిక్కుంది. తరతరాలుగా ఒకే కులంలో, అందులోనూ మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లో డీఎన్ఏ అటూ ఇటూ చాలా కలుస్తుంది. దాంతో నాలుగైదు తరాల దూరపు చుట్టాన్ని కూడా దగ్గరి కజిన్‌గా లెక్కగట్టేస్తుంది.

మేనరికం దగ్గర కాస్త ఆగాలి. డీఎన్ఏ పరీక్షకి నిజంగా విలువున్న చోటు ఇది. మేనమామకి, మేనకోడలికి సగటున నాలుగో వంతు డీఎన్ఏ ఉమ్మడి. మేనత్త కొడుకుకీ మేనమామ కూతురుకీ ఎనిమిదో వంతు. మేనమామని చేసుకున్న అమ్మాయికి పుట్టే బిడ్డలో సగటున ఎనిమిదో వంతు జన్యువుల రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవై ఉంటాయి. మేనబావ సంబంధమైతే పదహారో వంతు. దానర్థం బిడ్డకి జబ్బు వచ్చి తీరుతుందని కాదు. ఇద్దరూ తెలియకుండా మోస్తున్న ఒకే లోపం బిడ్డలో జతపడే అవకాశం మామూలు జంట కన్నా ఎక్కువని. ఈ జంటకి కావాల్సింది ఉమ్ము కిట్ కాదు, ఎక్సోమ్ పద్ధతిలో, అంటే ప్రొటీన్లు తయారుచేసే జన్యు భాగాలన్నీ చదివి, ఇద్దరిలో దాగున్న లోపాల్ని చూసే కపుల్ క్యారియర్ స్క్రీనింగ్. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో ఒక్కొక్కరి దగ్గర మూడు నాలుగు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. అది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్లో పెడితే పనికిరాదు. కిట్ కన్నా ఖరీదైన పనే, కానీ పెట్టిన డబ్బుకి జవాబు దొరుకుతుంది.

ఆర్డరు ఇచ్చే ముందు ల్యాబుని రెండు మాటలు అడగండి. ఎస్ఎంఏ అనే కండరాల జబ్బు పరీక్ష ఇందులో కలిసుందా? ఆ జబ్బులో జన్యువు ముక్కే ఎగిరిపోతుంది, మామూలు ఎక్సోమ్‌లో అది సరిగ్గా దొరకదు. ఎంఎల్‌పీఏ అనే పరీక్ష విడిగా చేయించాలి. రెండోది, రిపోర్టుకి ముందూ తర్వాతా జెనెటిక్ కౌన్సెలర్ మాట్లాడతారా లేక పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపి ఊరుకుంటారా? ‘అర్థం తేలని మార్పు’ అని వీయూఎస్ కింద వచ్చినవాటిని పట్టుకుని గర్భం తీయించుకోవడం లాంటి నిర్ణయాలకి ఎప్పుడూ దిగకూడదు. ఇంట్లో ఇప్పటికే జబ్బుతో ఒక బిడ్డ ఉంటే వరుస మారుతుంది: ముందు ఆ బిడ్డకి పరీక్ష, అందులో దొరికిన మార్పు కోసం తర్వాత తల్లిదండ్రులకి. ఇలాంటి కేసులకి హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్లో సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ డీఎన్ఏ సంస్థ ఉంది. ఇదంతా గర్భానికి ముందే అయిపోవాలి. కడుపులో బిడ్డ కోసం మాయ ముక్క తీసి చేసే పరీక్ష సాధారణంగా 11 నుంచి 13 వారాల మధ్యే చేస్తారు, రిపోర్టుల కోసం ఆగే టైము అందులో ఉండదు.

పెళ్లికి ముందు తలసీమియా, సికిల్‌సెల్ అనే వారసత్వపు రక్త జబ్బులు చూసుకోవాలంటే అసలు డీఎన్ఏ దాకా వెళ్లనక్కర్లేదు. సీబీసీలో ఎంసీవీ (ఎర్ర కణం సైజు) 80కి లోపు, ఎంసీహెచ్ (కణంలోని హిమోగ్లోబిన్) 27కి లోపు ఉంటే తలసీమియా కోసం హెచ్‌పీఎల్‌సీ, అంటే హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూసే పరీక్ష, చేయించండి. సికిల్‌సెల్ మోసేవాళ్లకి సీబీసీ నార్మల్‌గానే ఉండొచ్చు, దానికి సీబీసీ ఎలా ఉన్నా ఈ పరీక్ష చేయించాలి. బీటా తలసీమియా తెచ్చే మార్పులు వందల్లో ఉన్నాయి, చిప్ మీద కొన్నే ఉంటాయి. హెచ్‌పీఎల్‌సీ మాత్రం వాటిలో చాలా మార్పుల ఫలితాన్ని హిమోగ్లోబిన్ ఏ2 అంకెలో పట్టేస్తుంది. ఇదీ తప్పే సందర్భాలున్నాయి: మూడు నెలల లోపు రక్తం ఎక్కించుకుని ఉంటే, ఐరన్ బాగా తక్కువుంటే, పసిబిడ్డ ఏడాది లోపుదైతే. ఐరన్ తక్కువున్న అమ్మాయికి ఏ2 నార్మల్‌గా కనబడి మోసం చేస్తుంది, మాత్రలు వాడాక మళ్లీ చూడాలి. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ గిరిజన కుటుంబాలకి సికిల్‌సెల్ స్క్రీనింగ్ ఉచితం. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ కింద నలభై ఏళ్ల లోపు అందరికీ చేస్తున్నారు. వాళ్లకి ఆరువేల కిట్ అమ్మడం అన్యాయం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు భయం ఎంతో చెప్పనక్కర్లేదు, కొన్ని ప్యాకేజీల్లో ‘కిడ్నీ రిస్క్’ పేజీ ఉందని ఆ భయానికే అమ్ముతారు. ఉద్దానం జబ్బుకి ఒకే కారణం ఇదని ఇంతవరకూ తేలలేదు. కారణమే తేలనప్పుడు కిట్‌లోని జన్యువు దాన్ని ముందే చెబుతుందనడం దబాయింపు. కిడ్నీ పేజీల్లో తరచుగా కనిపించే ఏపీఓఎల్1 జన్యువు మార్పులు ముఖ్యంగా ఆఫ్రికా మూలాల వాళ్లలో ఉండేవి. మన మనిషికి అది ‘నార్మల్’ అని వస్తుంది, దానివల్ల ఒరిగేదేమీ లేదు. చేయించాల్సింది సీరం క్రియాటినిన్, దాన్నుంచి కిడ్నీ వడపోత వేగం చెప్పే ఈజీఎఫ్ఆర్, మూత్రంలో ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి. ఒక్క మూత్రం స్ట్రిప్‌తో సరిపెట్టుకోవద్దు. ఈ రకం జబ్బులో మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, స్ట్రిప్ నార్మల్ చూపిస్తూనే క్రియాటినిన్ పెరుగుతుంది. ఈజీఎఫ్ఆర్ 60 లోపు వస్తే మూడు నెలలాగి మళ్లీ చూడాలి, అప్పుడే పేరు పెట్టాలి. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ రీసెర్చ్ సెంటర్, ఆసుపత్రి ఇందుకే ఉన్నాయి.

జన్యువు మాట నిజంగా పనికొచ్చే చోటు ఇంకొకటుంది, దాన్ని కిట్ యాడ్లలో ఎవరూ చెప్పరు. ఆర్యవైశ్యుల్లో బీసీహెచ్ఈ జన్యువులో ఒక మార్పు మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి పనిచేసిన 2017 పరిశోధనలోనూ దీని ప్రస్తావన ఉంది. రెండు ప్రతులూ అలా ఉన్నవాళ్లకి ఆపరేషన్లో సక్సినైల్‌కోలిన్ అనే మత్తు సమయపు ఇంజెక్షన్ ఇస్తే, నిమిషాల్లో తగ్గాల్సిన కండరాల సడలిక గంటల పాటు అలాగే ఉండిపోతుంది. ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ కావాలి. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు. దీనికి సూడోకోలినెస్టరేజ్ అనే మామూలు రక్త పరీక్ష చాలు. పొలంలో పురుగుమందు కొట్టినా, గర్భంతో ఉన్నా, కాలేయం జబ్బున్నా అది తగ్గుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా ‘మత్తు నుంచి లేవడం ఆలస్యమైంది’ అన్న చరిత్ర ఉంటే రక్తసంబంధీకులందరూ చేయించుకోవడం మంచిది.

పిల్లల ‘టాలెంట్ రిపోర్టు’ మీద రూపాయి కూడా దండగే. ఏసీటీఎన్3 స్పోర్ట్స్ జీన్ అని అమ్ముతారు. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ ప్రొటీనే ఉండదు, వాళ్లంతా నడుస్తూ పరిగెడుతూనే ఉన్నారు. ఆమదాలవలస కరణం మల్లీశ్వరి సిడ్నీలో పతకం ఎత్తింది, కొండవెలగాడలో ఇప్పటికీ పిల్లలు బరువులెత్తుతున్నారు. ఎవరినీ ఉమ్ము చూసి ఎంచలేదు.

డేటా విషయం. 2023లో 23అండ్‌మీలో దొంగలు నేరుగా చొరబడింది దాదాపు 14 వేల ఖాతాల్లోనే, అదీ వాళ్లు వేరే సైట్లలో కూడా వాడిన పాస్‌వర్డులతో. కానీ బంధువుల జాబితా తెరిచి ఉంచడంతో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అందుకని బంధువుల జాబితా ఆఫ్ చేయండి, రీసెర్చ్ అంగీకారానికి టిక్ పెట్టకండి, రిపోర్టు రాగానే మిగిలిన ఉమ్ము పారేయమని మెయిల్ పెట్టండి. పిల్లలు తెచ్చిన కిట్ అయితే అమ్మానాన్నల ఖాతా పిల్లల మెయిల్ మీద తెరుస్తారు. వద్దు, అమ్మానాన్నల సొంత మెయిల్ మీదే తెరవండి. తండ్రెవరో తేల్చే ఇంటి కిట్లు కోర్టులో చెల్లవు, నమూనా ఎవరిదో నిరూపించే సాక్ష్యం వాటికి ఉండదు.

ఇదంతా చదివాకా కొంటానంటే, ముందు ల్యాబు ఎక్కడుందో, ల్యాబుల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఆ పరీక్షకే ఉందో లేదో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్లో చూడండి. మన ఊళ్లో బోర్డున్నది కలెక్షన్ సెంటరే, పరీక్ష ఇంకెక్కడో జరుగుతుంది. ఉమ్ము పట్టే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. ఖైనీ, కిళ్లీ, చుట్ట కూడా కుదరదు. ముఖ్యంగా అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) అలవాటున్న ముసలివాళ్లని ఉదయం లేచి నోరు పుక్కిలించాక, చుట్ట ముట్టకముందే కూర్చోబెట్టాలి. గీత దాకా నిండాల్సింది నురగ కాదు, ద్రవం. నోరు ఎండిపోయే పెద్దవాళ్లకి బుగ్గలు లోపలి నుంచి నాలుకతో రుద్దుకోమంటే ఊరుతుంది. మూత గట్టిగా బిగిస్తేనే అందులోని మందు కిందికి దిగుతుంది. అది కలవకుండా పంపిన ట్యూబు దారిలో పాడైపోతుంది. మూత బిగించాక తలకిందులు చేసి కలపండి. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకేసారి చేస్తే బార్‌కోడ్లు తారుమారవుతాయి, ఒకరిది యాప్‌లో నమోదు చేసి కవరు మూశాకే రెండోది తెరవండి. ఎప్పుడైనా బోన్ మ్యారో మార్పిడి అయినవాళ్లు చేయించుకోవద్దు, దాత డీఎన్ఏ కలిసిపోతుంది. ఇక మీ పిన్‌కోడుకి వెనక్కి పికప్ ఉందా, నమూనా చాలకపోతే రెండో కిట్ ఉచితమేనా, రెండోదీ ఫెయిలైతే డబ్బు వాపసు ఎన్ని రోజుల్లో అన్నవి ఫోన్లో విని ఊరుకోకుండా మెయిల్లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.