చదవలేని బిడ్డకు ఏది మేలు: ఐక్యూ పరీక్షా, పాఠం చెప్పి చూడటమా?

కథ చెప్తే చక్కగా పట్టుకుంటుంది, లెక్క నోటితోనే చెప్పేస్తుంది, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరం అక్షరానికీ ఆగిపోతుంది. అలాంటి పిల్లకు డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం మాత్రం కష్టమయ్యే ఇబ్బంది) ఉందో లేదో తేల్చడానికి చాలాకాలం వాడిన దారి ఐక్యూ పరీక్ష.

లెక్క సులువే. ఐక్యూ సగటు 100. పిల్లకు 105 వచ్చి, అదే కొలతలో చదవడం 80 దగ్గర ఉంటే తేడా 25. అంత తేడా ఉంటే అభ్యసన వైకల్యం అంటారు. అమెరికా 1977 నిబంధనల్లో ఈ తేడాకే పెద్దపీట వేసింది.

నన్ను బాధపెట్టేది ఇక్కడే. ఐక్యూ 86, చదవడం 78 ఉన్న పిల్లాడికి తేడా చాలదు కాబట్టి సాయం అందదు. కానీ మాటలోని ధ్వనుల్ని విడదీసి అక్షరాలతో కలపడం దగ్గర ఇద్దరూ ఒకేలా తడబడతారు, ఇద్దరికీ కావలసిన పాఠం కూడా ఒకటే. పైగా చిన్న తరగతుల్లో తేడా అంతగా బయటపడదు. అది పెరిగేదాకా ఆగితే పిల్ల మూడు, నాలుగు తరగతులకు వచ్చేస్తుంది, చదువంటేనే టెన్షన్ పట్టుకుంటుంది. తక్కువ చదివితే పదాలు తక్కువ తెలుస్తాయి, దాంతో ఐక్యూలోని పదాల భాగమూ తగ్గి, ఉన్న తేడా కూడా చెరిగిపోవచ్చు.

రెండో దారిలో ముందు పాఠం చెప్తారు. నలుగురైదుగురిని కూర్చోబెట్టి ధ్వనులు, అక్షరాలు వరసగా నేర్పి, నిమిషానికి ఎన్ని పదాలు తప్పు లేకుండా చదువుతున్నారో తరచూ చూస్తారు. అయినా కదలకపోతే లోతైన పరీక్షకు పంపుతారు. బడులు ఈ తేడా చూసి తీరాల్సిన పనిలేదని 2004లో అమెరికా చట్టమే చెప్పింది. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 (మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా వైద్యులు వాడే పుస్తకం) కూడా ఆ షరతు వదిలేసింది.

నా ఓటు దీనికే. అయితే ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అంటూ నెలలు గడిపేస్తే ఇదీ పిల్లను ముంచుతుంది. అర్థం ఊహించి నెట్టుకొచ్చే తెలివైన పిల్లలు ఇందులోనూ తప్పిపోవచ్చు.

చదువే కాక మాట, రోజువారీ పనులు అన్నీ వెనకబడితే మేధో వైకల్యం ఉందేమో చూడటానికి ఐక్యూ పరీక్ష కావాలి. చదవడం ఒక్కటే కష్టమైతే బడిని ముందు అడగాల్సింది వేరే: మా పిల్ల ఏ ధ్వని దగ్గర ఆగుతోంది, దానికి ఏం నేర్పారు, పోయిన నెల ఎన్ని పదాలు చదివింది, ఈ నెల ఎన్ని?