తొలి వేక్‌బోర్డు, బైండింగ్స్: మన నీటికి, మన పాదాలకు ఏవి నప్పుతాయి?

మోటారు పడవ వెనుక తాడు పట్టుకొని, రెండు పాదాలనూ ఒకే బోర్డుకు బిగించుకొని నీటిపై జారాలన్న కోరిక మన తీరంలోని యువకుల్లో ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. అయితే శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఆ బోర్డును, అంటే వేక్‌బోర్డును, చేత్తో పట్టి, కాలు పెట్టి చూసి కొనుక్కునే వీలు లేదు. గల్ఫ్ నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవాలి, లేకపోతే ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి నమ్మకం మీద కొనాలి. మా బావ దుబాయ్ నుంచి తెచ్చిన 140 సెంటీమీటర్ల బోర్డును, ముందు వైపు తెరిచి ఉండే ఓపెన్ టో బైండింగ్స్‌ను కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన నిలకడగా ఉండే నీటిలో నేనూ మా మేనల్లుడూ వాడుతున్నాం. ఆ అనుభవం మీద నా అభిప్రాయం ఒక్కటే: తొలిసారి కొనేవారు బోర్డు కంటే ముందు బైండింగ్స్ గురించి ఆలోచించాలి, బోర్డును మాత్రం దాన్ని లాగే పడవ బలాన్ని చూసి ఎంచుకోవాలి.

బైండింగ్ అంటే బోర్డుకు బిగించిన బూటు. ఓపెన్ టో రకంలో వేళ్లు బయటికి వస్తాయి కాబట్టి రెండు మూడు సైజుల పాదాలకు ఒకే జత సరిపోతుంది. క్లోజ్డ్ టో రకం బోర్డును మరింత చురుగ్గా తిప్పనిస్తుంది గానీ ఒక్క సైజుకే పనికివస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం చెప్పులతోనో ఉత్త కాళ్లతోనో తిరిగే మన పాదాలు వేళ్ల దగ్గర విశాలంగా ఉంటాయి. అలాంటి పాదాన్ని మూసి ఉన్న బూటులో ఇరికిస్తే కాసేపటికే చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది, దృష్టంతా నీటి మీద నుంచి కాలి మీదికి పోతుంది. అందువల్ల తొలి జతగా ఓపెన్ టోనే కొనమని గట్టిగా చెబుతాను. కొనేటప్పుడు సైజు విషయంలో చాలా జాగ్రత్త అవసరం: ఈ బైండింగ్స్ మీద ఎక్కువగా అమెరికా సైజు ఉంటుంది, మన చెప్పుల మీద ఉండేది ఇండియా లేదా బ్రిటన్ సైజు. మన దగ్గర 8 వేసుకునే మగవారికి అక్కడి 9 దాదాపు సరిపోతుంది. గోడకు మడమ ఆనించి నిలబడి, బొటనవేలి చివరి వరకు సెంటీమీటర్లలో కొలిచి, ఆ కొలతను కంపెనీ పట్టికతో సరిచూసుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

మంచి బైండింగ్‌కు గుర్తు మడమే. లేసు బిగించాక ముందుకు వంగితే మడమ అడుగు నుంచి లేవకూడదు. అదే సమయంలో గట్టిగా పడినప్పుడు పాదం బయటికి జారి రావాలి, లేకపోతే చీలమండ మెలిక పడే ప్రమాదం ఉంటుంది. మేము వాడే జతలో పైనా కిందా వేర్వేరుగా బిగించుకునే లేసులు ఉన్నాయి. పాదం మీద వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా బిగించుకోవచ్చు కాబట్టి నాకూ మా మేనల్లుడికీ ఇదే జత పనికివస్తోంది. పొడిగా ఉన్న రబ్బరులో పాదం దూరదు; బలవంతం చేస్తే మడమ దగ్గర కుట్లు తెగుతాయి. షాంపూ కలిపిన నీళ్లు గానీ, ఇంట్లో ఉంటే పల్చటి కుంకుడు రసం గానీ లోపల పోస్తే పాదం సులువుగా జారుతుంది. నూనె మాత్రం రాయవద్దు, అది రబ్బరునూ జిగురునూ పాడు చేస్తుంది.

బూటు అడుగున ఉండే పళ్లెం గురించి కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని బిగించి ఇచ్చే మెకానిక్ మన ఊళ్లలో దొరకడు. పళ్లెం మధ్యలో పళ్లున్న గుండ్రటి బిళ్ల ఉంటుంది, దాని అంచున డిగ్రీల గీతలు ఉంటాయి. నేర్చుకునేవారు ముందు కాలిని 15 నుంచి 18 డిగ్రీల వరకు బోర్డు ముక్కు వైపు తిప్పి, వెనుక కాలిని సున్నా దగ్గరే ఉంచుకోవాలి. వెనుక బైండింగ్‌ను తోక వైపు ఒక రంధ్రం జరిపితే నీటిలోంచి లేచేటప్పుడు ముక్కు మునగదు. రెండు పాదాల మధ్య దూరం సుమారుగా భుజాల వెడల్పు ఉండాలి. మరలు సాధారణంగా ఎం6 కొలతవి, అంటే 6 మిల్లీమీటర్ల మందం ఉన్నవి. వాటిని ముందుగా వేళ్లతోనే కొన్ని చుట్లు తిప్పి, అన్నీ సూటిగా కూర్చున్నాక మాత్రమే స్క్రూడ్రైవర్‌తో బిగించాలి. ఇసుక రేణువు ఇరుక్కున్న మరను బలంగా తిప్పితే బోర్డులోని ఇత్తడి గూడు చెడిపోతుంది, ఆ తరువాత ఆ రంధ్రం ఎందుకూ పనికిరాదు. ఒక మర పోతే హార్డ్‌వేర్ దుకాణంలో స్టెయిన్‌లెస్ స్టీలుది దొరుకుతుంది గానీ, పొడవు కూడా పాతదానితో సమానంగా ఉండాలి. పొడవు ఎక్కువైతే అది బోర్డును లోపలి నుంచి పొడుస్తుంది.

ఇక బోర్డు పొడవు. దీన్ని మనిషి ఎత్తును బట్టి కాక బరువును బట్టి నిర్ణయిస్తారు. 70 కిలోల అటూఇటూ ఉన్నవారికి 138 నుంచి 142 సెంటీమీటర్లు, 85 దాటినవారికి 142 పైన తీసుకోవడం ఆనవాయితీ. రెండు సైజుల మధ్య ఊగిసలాడేవారు మన ప్రాంతంలో నిస్సందేహంగా పెద్దదే తీసుకోవాలి. పెద్ద బోర్డు తక్కువ వేగంలోనే నీటి పైకి లేస్తుంది, మన దగ్గర దొరికే పడవలకు అదే కావాలి. నేర్చుకునే పెద్దవారికి గంటకు 25 నుంచి 30 కిలోమీటర్ల వేగం ఉండాలి. చేపల వేటకు వాడే ఫైబర్ పడవల చిన్న ఇంజిన్లు మనిషిని లాగుతూ ఆ వేగాన్ని అందుకోలేవు. నా మిత్రుడి పడవకు 60 హెచ్‌పీ ఇంజిను ఉంది కాబట్టి మాకు సాగుతోంది, అయినా 72 కిలోల నన్ను లేపడానికి అది కష్టపడుతున్నట్టు చప్పుడులోనే తెలుస్తుంది. ఇంతకంటే పొట్టి బోర్డుతో ఆ పడవ వెనుక లేవడం చాలా ప్రయాసతో కూడిన పని అవుతుంది.

పక్క నుంచి చూస్తే బోర్డుకు ఒక వంపు కనిపిస్తుంది, దాన్ని రాకర్ అంటారు. ముక్కు నుంచి తోక దాకా ఒకే వంపు ఉన్న కంటిన్యుయస్ రాకర్ నీటిపై మెత్తగా, ఊహించినట్టే నడుస్తుంది. మధ్యలో చదునుగా ఉండి రెండు చివర్లా లేచే త్రీ స్టేజ్ రాకర్ అలల మీద నిట్టనిలువుగా ఎగరేస్తుంది, కానీ దిగేటప్పుడు గట్టిగా తగులుతుంది. తొలి బోర్డుకు మొదటిదే సరైనది. అంచులు గుండ్రంగా ఉంటే బోర్డు అనుకోకుండా నీటిని కోసుకొని మనిషిని ముఖం మీద పడేయడం తగ్గుతుంది. అడుగున ఉండే రెక్కలు, అంటే ఫిన్లు, పొడవైతే బోర్డు సూటిగా పోతుంది. అయితే వంశధార ముఖద్వారం దగ్గర ఇసుక మేటలు చోటు మారుతూ ఉంటాయి, పొడవాటి ఊడదీసే ఫిన్ మేటకు తగిలితే విరుగుతుంది. కాబట్టి బోర్డుతో కలిపి పోత పోసిన పొట్టి ఫిన్లు ఇక్కడ మేలు. లోతు ఎక్కడుందో అక్కడి మత్స్యకారులకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. వారిని అడిగి, వలలు వేసిన చోటు విడిచి తిరగడం కనీస మర్యాద కూడా.

గల్ఫ్ నుంచి పాత బోర్డులు చవకగా వస్తుంటాయి. 1993లో జిమ్మీ రెడ్‌మన్ రెండు చివరలూ ఒకేలా ఉండే ట్విన్ టిప్ బోర్డును రూపొందించాక ఈ ఆట స్వరూపమే మారింది. ఏ కాలు ముందుంచైనా నడపవచ్చు. ముక్కు ఒక తీరు, తోక ఒక తీరు ఉన్న పాతకాలపు బోర్డు ఎంత చవకైనా వద్దు.

తాడు విషయంలో రాజీ పడకూడదు. వల లాగే నైలాన్ తాడు సాగుతుంది. సాగిన తాడు చేతిలోంచి జారితే పిడితో సహా పడవలోని వారి మీదికి దూసుకువస్తుంది. సాగని తాడు, నేర్చుకునేవారికి 15 నుంచి 20 మీటర్ల పొడవుది, విడిగా కొనాలి. అలాగే బోర్డుతో పాటు అమ్మే పల్చటి ఇంపాక్ట్ వెస్ట్ దెబ్బ తగలకుండా కాపాడుతుందే గాని మనిషిని తేల్చుతుందని నమ్మడానికి లేదు. ధ్రువీకరించిన లైఫ్ జాకెట్టే వేసుకోవాలి, పడవలో నడిపేవారు కాక వెనక్కి చూస్తూ ఉండే మరొకరు తప్పక ఉండాలి.

మా సెట్టులో లోపం లేకపోలేదు. ఎడమ బూటులో పాదం కింది మెత్త జిగురు వదిలి అంచున లేచింది. ఉప్పునీరు, ఎండ రెండూ కలిస్తే ఈ జిగురు నిలవదు. అప్పటి నుంచి ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, డాబా మీద కాక నీడలో ఆరబెడుతున్నాం. మండుటెండలో కారులో వదిలేయడం అన్నిటికంటే చేటు. బోర్డు మాత్రం గీతలు పడినా గట్టిగానే ఉంది.

హైపర్‌లైట్, రోనిక్స్, లిక్విడ్ ఫోర్స్ వంటి కంపెనీలన్నీ నేర్చుకునేవారికి బోర్డు, బైండింగ్స్ కలిపి అమ్ముతాయి. అమెరికాలో ఇవి సుమారు 300 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటాయి. ఇక్కడికి రవాణా, కస్టమ్స్ సుంకం అదనం. కలిపి కొంటే చవకే గానీ, బైండింగ్ సైజు మార్చి ఇవ్వడానికి అమ్మేవారు ఒప్పుకుంటేనే అలా తీసుకోవాలి, లేకపోతే రెండూ విడివిడిగా కొనడమే నయం. 58 కిలోల మా మేనల్లుడికి 140 కాస్త పెద్దదే, మలుపుల్లో బరువుగా తిరుగుతుంది. అయినా నీటిలోంచి లేవడం నాకంటే అతనికే సులువుగా ఉంది. 45 కిలోల లోపు పిల్లలకు మాత్రం ఇది పనికిరాదు, వారికి 130 కంటే పొట్టి బోర్డు, వారి పాదానికి సరిపడే చిన్న బైండింగ్స్ వేరుగా కొనవలసిందే.